బూడిద చల్లిన దారి

ఛాయాదేవిగారిని ఆంటీ అని పిలిస్తే పలకరు. మొదటిసారి పిలిచినప్పుడు, నేను ఇంకెవరినో పిలిచానేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, "ఆంటీ ఎవరమ్మాయ్ ఇక్కడ? పిన్నీ అను" అన్నారు. ఆ మాట నా నోట రావడానికి ఏడాదికి పైనే పట్టింది. ఈలోగా నేను చేసిన పని ఒకటుంది. దాన్ని దాచి ఆవిడ గురించి రాస్తే అది ఆవిడ కథ అవదు, నా మొహానికి నేను పూసుకున్న పౌడరవుతుంది. అందుకే అదీ రాస్తున్నాను.

మాది ఐఫెల్ కొండల్లో ఒక ఊరు. బెల్జియం సరిహద్దు నాలుగు కిలోమీటర్లు. జర్మనీ అక్కడితో సరి. ఊళ్లో బడి లేదు, కొట్టు లేదు, బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది. మా వీధి కొండ మీద. మొత్తం తొమ్మిది ఇళ్లు. అక్కడినుంచి కిందనున్న పెద్దరోడ్డుకి ముప్పావు కిలోమీటరు, నిట్టనిలువుగా దిగాలి. జీగెన్‌లో మాస్టర్స్ చదివిన నేనూ మా ఆయన రవికిరణూ ఈ మూలకి ఎందుకొచ్చామంటే మీటె, అంటే ఇంటద్దె, తక్కువ. ఇంకో కారణం ఏదీ లేదు. రవికిరణ్‌ది సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఉద్యోగం. రెండు వారాలు నీళ్ల మీద, రెండు వారాలు ఇంట్లో.

వచ్చిన రెండో రోజు ఎదురింటినుంచి తెలుగులో ఎవరో పిల్లిని తిడుతుంటే నేను నా చెవుల్ని నమ్మలేదు. ఆవిడే ఛాయాదేవిగారు. గుంటూరులో నర్సింగ్ చదివి, 1973లో, ఇరవై రెండేళ్లప్పుడు, పదకొండు మంది కేరళ పిల్లల మధ్య ఒక్కగానొక్క తెలుగు పిల్లగా వచ్చారు. దగ్గర్లోని చిన్న పట్టణంలో పసిపిల్లల వార్డులో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశారు. భర్త గంగాధరరావుగారు ఇంజనీరు, పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. ఈ చుట్టుపక్కల నలభై ఏళ్ల లోపు వాళ్లలో సగం మంది ఆవిడ చేతిలో స్నానం చేసినవాళ్లే. ఆ పట్టణం బేకరీలో మీసాలాయనని చూపించి, "వీడు ఏడిస్తే ఆసుపత్రి అద్దాలు అదిరేవి" అని అతని ముందే అనేవారు. ఈ కొండల వాళ్ల యాస జర్మన్ ఆవిడ నోట అచ్చంగా పలికేది. తెలుగు మాత్రం 1973 దగ్గరే ఆగిపోయింది. గంగాధరరావుగారు పోయాక బొట్టు మానేశారు. ఎవరూ మానమనలేదు. ఈ సరిహద్దులో మానమనేవాళ్లెవరున్నారు?

నాకు మూడో నెల అని చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "హెబామె దొరికిందా?" అని. హెబామె అంటే ఇక్కడి మంత్రసాని. ప్రసవమయ్యాక చాలా రోజులు ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్తుంది. జర్మన్ అమ్మాయిలు నెల తప్పిన వారంలోనే వెతుక్కుంటారు, ఎందుకంటే పల్లెల్లో వాళ్లు దొరకరు.

"మా అమ్మ వస్తుందాంటీ" అన్నాను.

తొలి కాన్పు పుట్టింటివాళ్లది కదా. నేను పుట్టింటికి వెళ్లలేను గనక పుట్టిల్లే నా దగ్గరికొస్తుందన్నమాట. మా అత్తగారూ అదే అనుకున్నారు, రవికిరణూ అదే అనుకున్నాడు. అందరం అమ్మ మీద భారం వేసి హాయిగా కూర్చున్నాం. ప్రసవానికి రెండు వారాల ముందు అమ్మ వీసా తిరస్కరించారు. ఆ వారం పద్నాలుగు మంది హెబామెలకు ఫోన్ చేశాను. పద్నాలుగు మందీ మర్యాదగానే కుదరదన్నారు. ఒకామె అయితే నవ్వేసింది.

జనవరిలో పాప పుట్టింది. మూడో రోజు ఇంటికి పంపుతూ నర్సు అడిగింది, ఇంట్లో హెబామె చూసుకుంటుందా అని. లేదని చెప్పడానికి సిగ్గేసింది. యా అన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిట్లో చిన్నది అదే, ఒక్క అక్షరం.

ఇంక మా పురిటిగది వరంగల్‌నుంచి నడిచింది. బీరువాకి ఆనించిన ఫోన్‌లో అమ్మ పొద్దస్తమానం ఉండేది. గాలి తగలకుండా కిటికీలు మూయించింది. దిష్టి తగలకుండా తెరలు వేయించింది. పార్సిల్లో పంపిన నువ్వుల నూనెలో ఇంట్లో కొట్టించిన పసుపు కలిపి పాప ఒంటికి రుద్దించి, సున్నిపిండితో నలుగు పెట్టించింది. చీకటి గదిలో టేబుల్ ల్యాంపు వెలుతురులో పాప పచ్చగా మెరిసేది. "పసుపు మంచిగ పట్టింది బిడ్డా, బంగారమోలె ఉన్నది" అని అమ్మ మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను.

అయిదో రోజు రవికిరణ్ డ్యూటీకి వెళ్లిపోయాడు. కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్లోనే ఉన్నాడు. సెలవు అడిగితే ఏమంటారోనని భయం. వెళ్తూ వెళ్తూ వాకిట్లో నిలబడి ఏడ్చాడు. నేను ఏడవలేదు, అమ్మ ఫోన్‌లో ఉంది కదా అని.

ఆ మధ్యాహ్నమే ఛాయాదేవిగారు మిరియాల చారు తీసుకొచ్చారు. చేతులు కడుక్కుని గది గుమ్మం దాకా వచ్చి, "ముందా తెరలు తియ్యమ్మాయ్. పిల్లని వెలుతుర్లో చూడాలి నేను" అన్నారు.

ఫోన్‌లోంచి అమ్మ గొంతు వచ్చింది. "ఎవరే ఆమె? బొట్టు లేదు గదా. ఇర్వయ్యొక్క దినాలు అయ్యెదాంక అసుంటోళ్లను పురిటింట్లకు రానియ్యకు బిడ్డా. పసిపిల్లకు మంచిది గాదు."

స్పీకర్ గట్టిగా పెట్టి ఉంది. నేను ఫోన్ కట్ చెయ్యవచ్చు. అమ్మా, అట్ల అనకు అనవచ్చు. ఏదీ చెయ్యలేదు. "పాప ఇప్పుడే పడుకుందాంటీ, తర్వాత రండి" అన్నాను.

ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. నన్నే చూశారు. "సరే. చారు వేడిగా తాగు" అని గిన్నె గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే నాకు హమ్మయ్య అనిపించింది.

మర్నాటినుంచి పన్నెండింటికి బెల్ ఒక్కసారి మోగేది. తలుపు తీసేసరికి మెట్టు మీద అన్నం గిన్నె ఉండేది, ఆవిడ అప్పటికే వీధి దాటేసి ఉండేవారు. ముప్పై ఎనిమిదేళ్లు పసిపిల్లల్ని చూసిన మనిషి మెట్టు మీద గిన్నె పెట్టి పోతుంటే, నేను అరచేతిలో సెల్లు పట్టుకుని ఏడువేల కిలోమీటర్ల అవతలి మనిషిని, పాప ఇంతసేపు నిద్రపోవచ్చా అని అడుగుతున్నాను. పాప ఏడవడం తగ్గించింది. పాలు తాగుతూ తాగుతూ నిద్రలోకి జారిపోయేది. "సతాయిస్తలేదు, బంగారుతల్లి" అనేది అమ్మ.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున వాన మొదలైంది. పడ్డ చినుకు పడ్డచోటే గడ్డకట్టే వాన. ఎనిమిదింటికి పాపని లేపబోయాను. లేవలేదు. రొమ్ము నోటికందిస్తే పెదాలు కదల్లేదు. ముందురోజు సాయంత్రంనుంచి పాలు తాగలేదనీ, కట్టిన డైపరు పొడిగానే ఉందనీ అప్పుడు లెక్క తెలిసింది. చలికి భయపడి రెండు రోజులుగా స్నానం చేయించలేదు, పసుపు రాయలేదు. అయినా పచ్చదనం పోలేదు. తడిగుడ్డతో పొట్ట మీద తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది. తెర లాగి, కిటికీ దగ్గర వేలితో రెప్ప ఎత్తి చూశాను. కన్ను లోపల కూడా పచ్చగా ఉంది. కంట్లోకి పసుపు ఎలా వెళ్తుంది?

అప్పుడు పాప ఏడ్చింది. అది నాకు తెలిసిన ఏడుపు కాదు. సన్నగా, పిల్లికూన గొంతులా ఉంది. వీపు విల్లులా వెనక్కి వంగింది.

112కి ఫోన్ చేశాను. అవతలామె చాలా నిదానంగా చెప్పింది. కొండ మీదికి ఏ బండీ ఎక్కలేదు. హెలికాప్టర్ ఎగరదు. పెద్దరోడ్డు మీద ఇప్పుడే ఉప్పు చల్లుతున్నారు, నలభై నిమిషాల్లో అంబులెన్స్ మా వీధి మలుపు దగ్గరికి, కిందికి, రాగలదు. "పాపను అక్కడిదాకా తేగలరా?" అని అడిగింది. తలుపు తీసి చూశాను. మెట్లు, గోడలు, వీధి, చెట్లకొమ్మలు అన్నీ గాజు. మెట్టు మీద ఒక కాలు పెట్టి పడబోయి తలుపు పట్టుకున్నాను. తేలేను అన్నాను. 

కిటికీ తీసి ఎదురింటికేసి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఛాయాదేవిగారు తలుపు తీసి చూశారు, అంతే, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, పాక్కుంటూ వీధి దాటారు. డెబ్భై రెండేళ్లు, ఒక తుంటి మార్పిడి అయింది. పన్నెండు అడుగుల వీధి దాటడానికి అయిదు నిమిషాలు పట్టింది. మా గుమ్మం దగ్గరికొచ్చి లేచి నిలబడి, అంతలోనూ అక్కడ ఆగారు.

"లోపలికి రావచ్చా?" అన్నారు.

ఆ మాట ఎత్తిపొడుపుగా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆవిడ నిజంగానే అడిగారు.

"మీ కాళ్లు పట్టుకుంటా పిన్నీ, రండి" అన్నాను.

బొటనవేలితో పాప నుదుటిమీద నొక్కారు, ఛాతీమీద నొక్కారు, పాదాలమీద నొక్కారు. చెయ్యెత్తి వదిలితే అది పడిపోయింది. "కామెర్లు. పాదాల దాకా దిగినయ్" అన్నారు. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. తిడితే బాగుండునని నేను చూస్తున్నాను.

"బతుకుతుందా పిన్నీ?"

"శాలువా తీసుకురా. లాగూ తొడుక్కో. బూట్ల మీదనుంచి మేజోళ్లు లాగు, జారవు."

నా చొక్కా విప్పించి పాపని ఒంటికి ఆనించి శాలువాతో గట్టిగా కట్టారు, పైన కోటు బొత్తాలు పెట్టారు. మళ్లీ పాకుతూ వెళ్లి ఇంట్లోంచి ఒక బక్కెట్ తెచ్చారు. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో ఈ కొండ మనుషులు బూడిద పారెయ్యరు, ఇలాంటి రోజు కోసం రేకు బక్కెట్లో దాస్తారు. ఆవిడ వంగి గుప్పెడు చల్లడం, నేను దానిమీద అడుగు పెట్టడం. మళ్లీ గుప్పెడు, మళ్లీ అడుగు. అలా మూడిళ్లు దాటామో లేదో బక్కెట్ అడుగు కనబడింది. కిందికి చూస్తే దారి ఇంకా అంతా మిగిలే ఉంది. "అవదు పిన్నీ" అన్నాను.

ఆవిడ నడుము నిటారుగా పెట్టి, ఈ ఊరి యాసలో, ఇళ్లకేసి గొంతెత్తి పిలిచారు. పసిబిడ్డ చచ్చిపోతోంది, బూడిద తెండి అని.

మగవాళ్లంతా చీకటితోనే లక్సెంబర్గ్‌కీ బెల్జియంకీ పనులకు పోయి ఎక్కడో రోడ్ల మీద ఇరుక్కుని ఉన్నారు. ఇళ్లలో ఉన్నది ఆడవాళ్లే, అందులోనూ ముసలివాళ్లే ఎక్కువ. మొదట తేలెన్ అనే ఎనభై ఒక్కేళ్లావిడ తలుపు తెరుచుకుంది. నైట్‌గౌను మీద మొగుడి కోటు వేసుకుని బక్కెట్ ఈడ్చుకుంటూ వచ్చింది. మా ఇంటి ముందు మంచు ఏడింటికల్లా ఎత్తలేదని నాకు చీటీ రాసి పెట్టిన మనిషి ఆవిడే. తన గేటునుంచి పక్కింటి గేటు దాకా, కూర్చుని జరుగుతూ చల్లింది. పక్కింటావిడ ఉప్పు బస్తా తెచ్చింది. ఆ కిందావిడ పిల్లి దొడ్డికి వేసే మట్టి సంచీ చింపింది. ఇంకొకావిడ దగ్గర ఏమీ లేక కోళ్ల దాణా చల్లింది. ఎవరింటి ముందు దారి వాళ్లది. ఒకరిది అయిపోయేచోట ఇంకొకరిది మొదలయ్యింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను దాటుతుంటే ఒక్కొక్కరూ నా కోటు గుండీల దగ్గరికి చూసి, చూపు తిప్పుకున్నారు. కోటు లోపల పాప అప్పటికి ఏడవడం కూడా మానేసింది.

చివరి ఇల్లు దాటాక అడవి మలుపు. అక్కడ ఇళ్లు లేవు, ఏటవాలు ఎక్కువ. మిగిలిన బూడిదంతా ఒక బక్కెట్లో పోసుకుని పిన్ని ముందు దిగారు. ఇరవై అడుగులు బాగానే వెళ్లాం. తర్వాత ఆవిడ కాలు జారింది. పడిన చప్పుడుకంటే ముందు చెయ్యి విరిగిన చప్పుడు వినబడింది నాకు. బక్కెట్ దొర్లుకుంటూ పోయి చెట్టుకి తగిలింది, బూడిద ఒక్కచోటే కుప్పగా పోయింది.

నేను ఆగిపోయాను.

"ఆగొద్దు" అన్నారు. మొహం తెల్లబడిపోయింది.

"మిమ్మల్ని వదిలేసి ఎట్లా వెళ్తాను?"

"నా మీద వాన పడుతుంది, అంతే. పిల్లకి టైం లేదు. కూర్చుని జారు. తల పట్టుకో, తల ఊగకూడదు. పో అమ్మాయ్."

వెళ్లాను. మూడు రోజుల క్రితం గుమ్మంలోంచి పంపేశాను, ఇప్పుడు మంచుగడ్డ మీద వదిలేసి పోయాను. ఒక చేత్తో పాప తల పట్టుకుని, ఇంకో చేత్తో నేలని గీరుతూ కూర్చునే దిగాను. కుట్లు తెగాయని అంబులెన్స్‌లో రక్తం చూశాకగానీ తెలియలేదు. కింద దీపాలు కనిపించగానే అరిచింది పాప గురించి కాదు, పైన ఒకావిడ పడి ఉంది అని. ముందు బిడ్డ అన్నారు వాళ్లు. ఆవిడ కోసం ఇంకో బండి వచ్చేసరికి గంటా పది నిమిషాలయిందట. అంతసేపూ తేలెన్ ముసలావిడ దుప్పటి తెచ్చి, పక్కనే ఆ గడ్డ మీద కూర్చుని, ఆవిడ తల ఒళ్లో పెట్టుకుందట.

నగరంలో పిల్లల పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నా రక్తమూ పాప రక్తమూ పడలేదట. ఒంట్లో రక్తమంతా మార్చాలన్నారు. ఒకసారి మార్చారు, సరిపోలేదు, రెండోసారి మార్చారు. పచ్చదనం మొదలై ఎన్ని రోజులని డాక్టరమ్మ అడిగితే నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నేనే పూసి కప్పెట్టాను కదా. బతుకుతుంది, కానీ ఏం మిగులుతుందో ఇప్పుడే చెప్పలేం అంది. నీలం దీపాల కింద కళ్లకు గంతలతో పడుకున్న పాపని చూస్తూ, ఈ పిల్లకి నేను తల్లిని కాకుండా ఉంటే బాగుండేదని అనుకున్నాను.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "నేనే సంపబోతిని బిడ్డా" అని మొహం మీద కొట్టుకుంది. నేను ఓదార్చలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. అమ్మని ఎంత తిట్టుకున్నా, ఆ గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డది అమ్మ కాదు, నేను.

పాపని ఇంటికి తెచ్చిన రెండు రోజులకి ఇరవై ఒకటో రోజు వచ్చింది. రవికిరణ్ ఈసారి భయపడకుండా సెలవడిగాడు, వెంటనే ఇచ్చారు. పేరు చెవిలో మేనత్త చెప్పాలి. మేనత్త కరీంనగర్‌లో ఉంది. ఛాయాదేవి పిన్ని చెబుతారు అని ఫోన్‌లో అమ్మకి చెప్పి, ఏదైనా అంటే కట్ చేద్దామని వేలు సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఆమె లేకపోతె పేరు పెట్టనీకి పిల్లేడిది?" అంది అమ్మ. "ఆమెనే చెప్పమను."

పిన్నే ఒప్పుకోలేదు. చేతికి కట్టుతో కుర్చీలో వెనక్కి జరిగి, "నాకెందుకమ్మాయ్ ఇవన్నీ. రేపు పిల్లకేదన్నా అయితే నా మీదికొస్తుంది" అన్నారు. ఫోన్‌లో అమ్మ అన్న మాట ఆవిడ మనసులోకి వెళ్లి కూర్చుందని అప్పుడు తెలిసింది. నేను నేల మీద కూర్చుని ఆవిడ మోకాళ్లు పట్టుకుని ఏడ్చాను. చాలాసేపటికి పిన్ని లేచి, పాప మీదికి వంగి, కుడిచెవిలో మూడుసార్లు చెప్పారు. సరయు.

మూడు రోజుల తర్వాత వినికిడి పరీక్షకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. రవికిరణ్ బండి నడిపాడు, పిన్ని నాతోపాటు లోపలికొచ్చారు. చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టి, తలకి తీగలు అంటించారు. ఎడమచెవి బాగుంది. కుడిచెవి దగ్గర ఆ అమ్మాయి మళ్లీ పెట్టింది, మళ్లీ పెట్టింది, వేరే గొట్టం తెచ్చి పెట్టింది. తర్వాత డాక్టరుని పిలిచింది. ఆయన కాగితం మీద ఒక గీత చూపించాడు. కుడిచెవి వినడం లేదు, బహుశా ఇక వినదు. కామెర్ల వల్లే.

కారు దగ్గరికొచ్చేదాకా ఎలాగో నడిచాను. పాపని సీట్లో పెట్టి బెల్టు కట్టాక ఇంక ఆగలేకపోయాను. "అంతా నా వల్లే పిన్నీ. మీరు చెప్పిన పేరు కూడా దానికి వినబడనే లేదు" అన్నాను.

పిన్ని తుంటి పట్టుకుని కారు చుట్టూ తిరిగి అవతలికి వెళ్లారు. మంచి చేత్తో తలుపు తీసి, సీటు అంచున మోకాలు ఆనించి, పాప ఎడమచెవి దగ్గరికి వంగారు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చెప్పారు. నాకు కూడా వినబడింది. చెప్పి, తలుపు మెల్లగా వేసి, "పదండి, పాలవేళయింది" అన్నారు.